చిన్న ప్రాణులకు వీడ్కోలు

పిల్లలూ! మీ ఇళ్ళలో ఏమేం పెంచుతున్నారు? కుక్కల సంగతీ, పిల్లుల సంగతీ కాదు నేనడిగేది. గాజుతొట్టెలో బంగారు చేపలు, పంజరంలో లవ్‌బర్డ్స్, దొడ్లో కుందేలు, బుట్టకింద బాతుపిల్ల, తొలకరి వాన పడగానే అగ్గిపెట్టెలోకి వచ్చే ఆరుద్ర పురుగు, తుమ్మాకులు మేస్తూ అదే అగ్గిపెట్టెలో గుడ్లు పెట్టే బంగారు పురుగు—వీటి మాట నేనడుగుతున్నాను. ఇటువంటివాటిలో ఏదో ఒకటి పెంచని పిల్లలు మన గోదావరి జిల్లాల్లో అరుదు.

వీటిని తెచ్చుకునేటప్పుడు ఏం పెట్టాలి, ఎక్కడ ఉంచాలి అని అందరూ చెబుతారు. ఒక్క సంగతి మటుకు ఎవరూ చెప్పరు. ఏమంటే, ఇవన్నీ మీకన్న ముందే వెళ్ళిపోతాయి. తెల్ల ఎలుక రెండు మూడేళ్ళకన్న బతకదు. లవ్‌బర్డ్స్ అని మనం పిలిచే ఆస్ట్రేలియా చిలకలు ఐదు నుంచి ఎనిమిదేళ్ళు బతికితే బాగా బతికినట్టే. కుందేలు ఎనిమిది, పదేళ్ళు. బంగారు చేప, నిజం చెప్పాలంటే, శ్రద్ధగా చూసుకుంటే పదేళ్ళు దాటి బతుకుతుంది. చిన్న గాజు గిన్నెలో వేసి నీళ్ళు మార్చడం మరిచిపోతారు గనక ఆరు నెలలకే పోతుంది. బంగారు పురుగు రెక్కలు వచ్చాక బతికేది కొద్ది వారాలే.

"అయ్యో, రెండేళ్ళేనా!" అనుకోకండి. కాగితం, పెన్సిలు తీసుకుని ఒక లెక్క చెయ్యండి. చిట్టెలుక గుండె నిమిషానికి సుమారు 600 సార్లు కొట్టుకుంటుంది. అది రెండున్నర ఏళ్ళు బతికిందనుకుంటే మొత్తం 79 కోట్ల సార్లు కొట్టుకున్నట్టు. ఏనుగు గుండె నిమిషానికి 30 సార్లు మాత్రమే కొట్టుకుంటుంది. అది 60 ఏళ్ళు బతికితే 95 కోట్ల సార్లు. చూశారా, ఎంత తేడా ఉందో! ఆట్టే లేదు. పాలిచ్చి పెంచే జంతువుల్లో చాలావాటికి ఈ లెక్క ఇంచుమించు ఇలాగే వస్తుంది. (మనిషి లెక్క మటుకు ఇందులో ఇమడదు. నిమిషానికి 70 చొప్పున మీరే గుణించి చూడండి.) అంచేత ఎలుక బతికిన రెండేళ్ళు మన కంటికి కొంచెమేగాని, ఎలుకకు అది నిండు నూరేళ్ళే.

సరే, అది పోయింది. తరవాత ఏం చెయ్యాలి? అసలు విషయం ఇక్కడున్నది.

మన దేశంలో జంతువులకు అంత్యక్రియలు చెయ్యడం కొత్తేమీ కాదు. ఊళ్ళో కోతి చచ్చిపోతే మన పల్లెల్లో పాడె కట్టి, పూలదండలు వేసి, బాజాలతోటీ భజనతోటీ ఊరేగించి పూడ్చిపెట్టడం మీరు చూసే ఉంటారు. ఆ చోట ఆంజనేయస్వామి గుడి కట్టిన ఊళ్ళు కూడా ఉన్నాయి. నాగుపాము చచ్చి కనిపిస్తే ఊరికే పారెయ్యడానికి చాలామందికి మనసొప్పదు, దహనం చేస్తారు. ఏళ్ళ తరబడి అరక దున్నిన ఎద్దు పోతే రైతు దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి తన పొలంలోనే గొయ్యి తీయిస్తాడు.

వీటన్నిటికన్న పాత కథ ఒకటుంది. సీతను ఎత్తుకుపోతున్న రావణుడితో పోరాడి జటాయువు నేలకూలిన సంగతి మీకు తెలుసు. తరవాతి సంగతి చాలామంది గుర్తుంచుకోరు. వాల్మీకి రామాయణంలో రాముడు స్వయంగా కట్టెలు పేర్చి ఆ పక్షికి దహనం చేస్తాడు. ఆ తరవాత అన్నదమ్ములిద్దరూ గోదావరికి వెళ్ళి దానికి నీళ్ళు వదులుతారు. అవును, మన గోదావరే! భద్రాచలం పక్కనున్న ఏటపాకలో జటాయువు పడిందని అక్కడివాళ్ళు ఈనాటికీ చెప్పుకుంటారు. రాజ్యం పోయి, భార్య కనబడక, అడవిలో తిరుగుతున్న మనిషి ముందు ఆగి ఒక గద్దకు చెయ్యవలసింది చేశాడు. నాకు రామాయణంలో ఇంతకన్న నచ్చిన ఘట్టం లేదు.

అయితే మీరొక సంగతి గమనించారా? కోతికి ఆంజనేయుడున్నాడు. పాముకు సుబ్రహ్మణ్యేశ్వరుడున్నాడు. ఎద్దుకు శివుడున్నాడు. జటాయువు సాక్షాత్తూ దశరథుడి స్నేహితుడు. మరి కోడిపిల్లకో? చేపకో? తెల్ల ఎలుకకో? వాటికి ఏ దేవుడూ అడ్డం రాడు. అవి పోతే తోక పట్టుకుని పెంటకుప్ప మీదికి విసిరేస్తారు, లేదా కాలవలోకి గిరాటు వేస్తారు. వాటి తరఫున నిలబడవలసినవాళ్ళు, వాటిని పెంచిన మీరొక్కరే.

కోడిపిల్ల అన్నాను గనక ఒక సంగతి చెబుతాను. ఒక ఏడు సంక్రాంతికి అమలాపురం దగ్గర పల్లెలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. కనుమనాడు కోనసీమలో ప్రభల తీర్థాలు జరుగుతాయి. రంగురంగుల ప్రభలను భుజాల మీద మోసుకుంటూ, కాలవలు దాటించి, వరిచేలలోంచి తీసుకువచ్చే ఆ వేడుక చూడవలసిందే. తీర్థమన్నాక ఖర్జూరాలూ, జీళ్ళూ, బూరలూ ఉంటాయి గదా. వాటితోపాటు ఒక బుట్టలో గులాబీ, ఆకుపచ్చ, వంగపండు రంగుల కోడిపిల్లలు కూడా ఉన్నాయి. మా చెల్లెలి మనవరాలికి ఏడేళ్ళు. ఆ పిల్ల పట్టుబట్టి గులాబీరంగు పిల్లను కొనిపించుకుంది. దానికి "గులాబీ" అనే పేరు పెట్టింది. ఆ రాత్రి అట్టపెట్టెలో పెట్టుకుని తన మంచం పక్కనే పడుకోబెట్టింది. నూకలు చల్లింది. మర్నాడంతా అరచేతిలో పెట్టుకుని ఊరంతా తిప్పింది.

మూడో రోజు పొద్దున్న లేచి చూస్తే గులాబీ పెట్టెలో ఒక పక్కకు ఒరిగి, కాళ్ళు చాపి ఉంది.

ఆ పిల్ల ఏడవలేదు. నా దగ్గరికి వచ్చి, చాలా మెల్లిగా, "తాతయ్యా, నేను గట్టిగా పట్టుకోబట్టి చచ్చిపోయిందా?" అని అడిగింది.

ఈ ప్రశ్నకు నిజం చెప్పి తీరాలి. నేను చెప్పినది మీకూ చెబుతాను. తణుకు, మండపేట, అనపర్తి ప్రాంతాల్లో గుడ్ల కోసం కోళ్ళను లక్షలమీద పెంచుతారు. ఆ జాతి గుడ్లను తల్లి పొదగదు, యంత్రంలో పెడతారు. 21 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. పెట్టలు గుడ్లు పెడతాయి గనక వాటిని ఉంచుకుంటారు. పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికి వేరే జాతులున్నాయి గనక ఈ పుంజుపిల్లలు ఎవరికీ అక్కరలేదు. ఇలాంటివాటికే రంగులు పూసి తీర్థాల్లోనూ, సంతల్లోనూ అమ్ముతారు. ఇప్పుడే పొదిగిన కోడిపిల్లకు మొదటి వారం ఇంచుమించు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. తల్లి ఉంటే రెక్కల కింద పెట్టుకుంటుంది. సంక్రాంతి చలిలో అట్టపెట్టెలో ఆ వెచ్చదనం ఎక్కడినుంచి వస్తుంది? ఇంకొక సంగతి. గుడ్డులోని పచ్చసొనలో కొంత భాగం, పిల్ల బయటికి వచ్చే ముందు దాని పొట్టలోకి చేరుతుంది. ఆ సద్ది మూట మీద అది రెండు మూడు రోజులు ఏమీ తినకుండా బతకగలదు. అందుకే ఆ రెండు రోజులూ హుషారుగా తిరిగి, మూట అయిపోగానే వాలిపోతుంది. మీరు పట్టుకున్నందువల్ల కాదు. మీ చేతికి వచ్చేసరికే దాని ఆయువు చివరికి వచ్చింది.

ఇదంతా విని ఆ పిల్ల, "అయితే దీన్ని వాళ్ళమ్మ చూడనే లేదా?" అని అడిగింది. లేదన్నాను. అప్పుడు ఏడ్చింది.

ఈలోగా మా మేనల్లుడు వచ్చి పెట్టె తీసుకుపోబోయాడు. కాలవగట్టున పారేసి వస్తానన్నాడు. నేను వద్దంటే, "కోడిపిల్లకి కూడా కర్మకాండేవిటి మావయ్యా! మొన్న పండక్కి మనం తిన్నవేవిటి మరి?" అని నవ్వాడు. అతను అన్నదాంట్లో నిజం లేకపోలేదు. కాని తిన్న కోడికి ఎవరూ పేరు పెట్టలేదు. దీనికి పేరుంది. ఎవరో ఒకరు రెండు రాత్రులు దీనికోసం నిద్ర మేలుకున్నారు. ఈ తేడా మా మేనల్లుడికి అర్థమైందో లేదోగాని, పలుగు మటుకు అతనే తెచ్చి ఇచ్చాడు.

ఇక చెయ్యవలసిన పద్ధతి చెబుతాను. మొదట అది నిజంగా పోయిందో లేదో చూసుకోవాలి. తొందరపడకూడదు. చలికి మొద్దుబారిన చిన్న ప్రాణులు చచ్చినట్టే కనిపిస్తాయి. తాబేలైతే ఊపిరి తీస్తున్నదీ లేనిదీ గంటసేపు చూసినా తెలియకపోవచ్చు. చచ్చిన జంతువు శరీరం కొద్ది గంటల్లో బిగుసుకుంటుంది. ఒకటి రెండు రోజులకు తిరిగి సడలుతుంది. బిగుసుకున్నదంటే సందేహం లేదు.

పాత నూలుగుడ్డలో చుట్టండి. ప్లాస్టిక్ సంచీ వద్దు. అందులో పెడితే మట్టిలో కలవదు, లోపలే కుళ్ళుతుంది. మా పిల్ల తన చిన్నప్పటి గౌను ముక్క ఇచ్చింది. గొయ్యి ఎక్కడ తియ్యాలన్నది మన డెల్టాలో కాస్త ఆలోచించవలసిన విషయం. వానాకాలంలో కోనసీమలో మూడడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అంచేత పల్లంలో కాకుండా, మెరకలో, కొబ్బరిచెట్టు మొదలుకు కొంచెం ఎడంగా, నూతికి బాగా దూరంగా తవ్వాలి. చిన్న ప్రాణికి రెండడుగుల లోతు చాలు. తక్కువైతే కుక్కలో, ముంగిసలో తవ్వి తీస్తాయి. పైన మట్టి అదిమి, రెండు ఇటుకలు పెడితే ఇంకా మంచిది. మన ఒండ్రుమట్టిలో తడీ, వెచ్చదనమూ రెండూ ఉన్నాయి గనక కోడిపిల్లంత ప్రాణి కొద్ది నెలలలోనే సన్నని ఎముకలు తప్ప అంతా మట్టి అయిపోతుంది. దాన్ని మట్టి చేసేవి కంటికి కనబడని సూక్ష్మజీవులూ, పురుగులూ, వానపాములూ.

రాజమండ్రిలోనో, కాకినాడలోనో మేడమీద కాపురముంటున్నాం, మాకు దొడ్డి ఎక్కడిది, అంటారా? పెద్ద మట్టికుండీ తీసుకుని సగం దాకా మట్టి పోసి, చేపనో పిట్టనో అందులో పెట్టి, పైన జానెడు మందాన మట్టి పోసి ఒక మొక్క నాటండి. కడియపులంక నర్సరీలకు వెళితే నందివర్ధనం మొదలు సన్నజాజి దాకా దొరకని మొక్క లేదు. ఏ మొక్క నాటాలో పిల్లలే ఎంచుకోవాలి. మా పిల్ల గులాబీ మొక్క అడుగుతుందనుకున్నాను, బంతి నారు అడిగింది. ఎందుకో నేనడగలేదు.

కాలవలో మటుకు వెయ్యకండి. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టించిన దగ్గరనుంచి ఆ కాలవ నీరే మన పొలాలకూ, మన ఊళ్ళకూ ఆధారం. వేసవిలో కాలవలు కట్టేసే ముందు ఊరి మంచినీళ్ళ చెరువులు నింపుకునేది ఆ నీటితోనే. చచ్చినవాటినే కాదు, బతికున్న తొట్టెచేపలను కూడా కాలవలో వదలకూడదు. "దాని మానాన అది బతుకుతుంది" అని జాలిపడి వదిలేస్తారు. తొట్టె గోడలు నాకి శుభ్రం చేసే పరాయిదేశపు చేప అలాగే మన నీళ్ళలోకి చేరి, మూరెడు పొడుగు పెరిగి, ముళ్ళ రెక్కలతో జాలరుల వలలు చింపుతున్నది.

ఇంకొక జాగ్రత్త చాలా ముఖ్యం. ఒక్క పిట్టో, ఒక్క కోడో పోతే నేను చెప్పినట్టు చెయ్యండి, చేతులు సబ్బుతో కడుక్కోండి. కాని ఇంట్లోనో చుట్టుపక్కలనో పక్షులు ఒకేసారి నాలుగైదు చచ్చిపోతే వాటిని ముట్టుకోవద్దు. వెంటనే పెద్దవాళ్ళకు చెప్పి పశువుల ఆసుపత్రికి కబురు చెయ్యాలి. 2025 ఫిబ్రవరిలో తూర్పు గోదావరి జిల్లా కానూరు అగ్రహారంలోనూ, పశ్చిమ గోదావరి జిల్లా వేల్పూరులోనూ కోళ్ళఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. అప్పుడు వాటిని పూడ్చే పని అధికారులే ముసుగులూ, తొడుగులూ వేసుకుని చేయించారు. అటువంటప్పుడు దూరంగా నిలబడి చూడడమే మర్యాద. అలాగే, ఒక ప్రాణి నయంకాని జబ్బుతో బాధపడుతూ ఉంటే, నీళ్ళలో ముంచడంవంటి మోటు పనులు ఎవరినీ చెయ్యనివ్వకండి. నొప్పి లేకుండా సాగనంపే మందు పశువుల డాక్టరు దగ్గర ఉంటుంది.

బతికున్న ప్రాణికి కూడా ఒక్కొక్కప్పుడు వీడ్కోలు చెప్పవలసి వస్తుంది. రామచిలకనూ, నక్షత్ర తాబేలునూ ఇంట్లో పెంచడానికి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఈ చట్టం 1972లో వచ్చింది. మీ ఇంట్లో ఇవి ఉంటే అటవీశాఖవారికి అప్పగించాలి. ఊరికే తలుపు తీసి వదిలేస్తే, చేతితో పెట్టింది తినడం తప్ప వేరే ఎరగని చిలక సాయంత్రానికే కాకుల పాలవుతుంది.

ఇక్కడ తల్లిదండ్రులతో ఒక మాట. పిల్లవాడు బడినుంచి వచ్చేలోగా చచ్చిన చేపను తీసి, అదే రంగుది ఇంకొకటి కొనుక్కొచ్చి తొట్టెలో వేసే నాన్నలు నాకు తెలుసు. "పిట్ట ఎగిరిపోయిందమ్మా" అని చెప్పే అమ్మలూ తెలుసు. ప్రేమతోనే చేస్తారు, కాదనను. కాని ఎగిరిపోయిన పిట్ట కోసం పిల్లలు నెలల తరబడి కిటికీ దగ్గర నిలబడతారు. చచ్చిపోయినదాని కోసం అయితే ఒక పూట ఏడుస్తారు, పూడ్చి వస్తారు, అన్నం తింటారు. పోయినది పోయిందని చెప్పండి. గొయ్యి తవ్వేటప్పుడు పక్కన ఉండండి. మట్టి మటుకు వాళ్ళ చేత వేయించండి. రెండో పిట్టను ఆ సాయంత్రమే తేకండి.

పిల్లలూ, జంతువులను ఇలా సాగనంపడం మన ఒక్కరి అలవాటే అనుకునేరు. ఈజిప్టులో ఎర్రసముద్రపు ఒడ్డున బెరెనికె అనే పాత రేవు ఉంది. దాదాపు రెండువేల ఏళ్ళ కిందట రోమనుల ఓడలు అక్కడినుంచి మన దేశానికి మిరియాల కోసం వచ్చేవి. ఆ రేవు పక్కన తవ్వితే సుమారు 600 జంతువుల సమాధులు బయటపడ్డాయి. చాలావరకు పిల్లులు, కొన్నిటికి మెడలో పట్టీలు, పూసలు ఉన్నాయి. ముసలితనాన పళ్ళూడిన కుక్కలు కూడా ఉన్నాయి; అంటే ఎవరో వాటికి మెత్తటి తిండి పెట్టి సాకారన్నమాట. వాటి మధ్య కోతులు కూడా కనిపించాయి. ఎముకలు పరీక్షించి చూస్తే అవి మన దేశపు కోతులని తేలింది! ఓడమీద అంత దూరం తీసుకుపోయిన కోతులు ఆ ఎడారి రేవులో ఆట్టే రోజులు బతకలేదు, పిల్లలుగా ఉండగానే పోయాయి. అయినా వాటిని ఎవరూ సముద్రంలోకి విసిరెయ్యలేదు. పడుకున్నట్టుగా పెట్టి పూడ్చారు.

బంగారు పురుగు సంగతి మొదట అన్నాను, అది మరిచిపోలేదు. మెట్ట ప్రాంతంలో వానలు పడ్డాక తుమ్మచెట్ల మీద అవి కనిపిస్తాయి. అది చచ్చిపోతే ఒళ్ళు మట్టిలో పెట్టండి గాని, పైనున్న ఆకుపచ్చటి రెక్క డిప్పలు రెండూ దాచుకోవచ్చు. అవి కుళ్ళవు. వాటి రంగు వెలవదు కూడా. గులాబీ రేకుల్లో ఉన్నట్టు ఆ డిప్పల్లో రంగు పదార్థమేమీ లేదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన, కంటికి కనబడనంత పల్చని పొరలున్నాయి. వెలుతురు ఆ పొరలమీద పడి తిరిగి వచ్చేటప్పుడు ఆకుపచ్చగా, బంగారంగా మెరుస్తుంది. సబ్బుబుడగ మీద రంగులు కనిపించేదీ ఇటువంటి కారణంచేతనే. పొరలు చెదరనంతకాలం రంగు ఉంటుంది. జపానులో హోర్యూజీ అనే బౌద్ధాలయంలో ఇటువంటి రెక్కలు తాపడం చేసిన చిన్న మందసం ఒకటుంది. అది ఏడో శతాబ్దంలో చేసినది. దాని మీద మిగిలిన ఒకటీ రెండూ రెక్కలు ఇంకా మెరుస్తున్నాయట.

నా దగ్గర కూడా ఒక జత ఉంది. నేను ఐదో తరగతిలో ఉండగా మా అమ్మమ్మగారి ఊళ్ళో పెంచిన పురుగుది. దాన్ని నిఘంటువులో "బ" అక్షరం దగ్గర పెట్టాను. ఇంటికి వచ్చిన పిల్లలు అడిగితే తీసి చూపిస్తాను. అరచేతిలో పెట్టుకుని ఎండకు అటూ ఇటూ తిప్పి చూస్తారు. "దీని పేరేమిటి?" అని అడుగుతారు. బంగారు పురుగు అంటే, "అది కాదు, మీరు పెట్టిన పేరు" అంటారు.

సిరి. దాని పేరు సిరి.